చలికాలమున డీజిలు కారు: హెచ్చరిక దీపములు చెప్పునదేమి?

పసిబిడ్డ యేడ్చినప్పుడు అది ఆకలి యేడుపో, నిద్ర యేడుపో, కడుపునొప్పి యేడుపో తల్లి చెవి యిట్టే పట్టగలదు. పొరుగువారికి అది వట్టి యేడుపుగా మాత్రమే వినబడును. కారు నడుపువారి యెదుట పలకమీద వెలుగు హెచ్చరిక దీపములును ఇట్టివే. ఎరుగనివారికి అన్నియు ఒక్క తీరుగనే భయము గొల్పును. ఎరిగినవారికి ఒక్కొక్కటి ఒక్కొక్క మాట చెప్పును. నేడు మన యిండ్లలో కారు నడుపు స్త్రీలు అనేకులు. బిడ్డలను బడికి దింపుట, పెద్దలను వైద్యునియొద్దకు తీసికొనిపోవుట మొదలగు పనులు వారి చేతిమీదనే జరుగుచున్నవి. అందుచేత ఈ మాసమున డీజిలు కార్లను గూర్చి, ముఖ్యముగా చలిలో వానియందు కనబడు హెచ్చరిక దీపములను గూర్చి, కొన్ని సంగతులు విన్నవింపదలచితిమి.

మన తెలుగుదేశమున అంతటి చలి యెక్కడిదని కొందరు సోదరీమణులు తలంపవచ్చును. ఆదిలాబాదు ప్రాంతమునను, లంబసింగి, అరకు కొండలయందును పుష్యమాసపు వేకువను చేతులు కొంకర్లు పోవుట మన మెరిగినదే. అదిగాక సెలవులలో సొంత కారుమీద మనాలికో సిమ్లాకో పోవు కుటుంబములు కలవు. ఉద్యోగరీత్యా ఢిల్లీ, చండీగఢ్, లేహ్ మొదలగు తావుల కాపురమున్నవారు కలరు. జర్మనీ దేశమున స్థిరపడిన మనవారును కలరు. హైదరాబాదులో ఏడాది పొడుగున ఒక్కమారైనను మొరాయింపని బండి, మనాలి చేరిన మరునాటి వేకువనే కదలకుండుట కద్దు. కొండగాలి దానికి పడలేదని యెవ్వరైన అన్నచో నమ్మరాదు. లోపము ఇంటిలోనే పుట్టి, వేసవి పొడుగున దాగియుండి, చలి తగిలినంతనే బయటపడినదని గ్రహింపవలయును.

ఈ దీపముల భాష తెలియనందున నష్టము రెండు విధములుగా కలుగుచున్నది. భయపడినవారు వర్క్‌షాపులో చెప్పిన సామానెల్ల మార్పించి వేలకు వేలు పోసికొందురు. దీపము మాత్రము వారము దిరుగకుండ మరల వెలుగును. భయపడనివారు, బండి నడుచుచునేయున్నది గదా యని ఉపేక్షించి, పిల్లాపాపలతో కొండదారిలో చలిరాత్రి చిక్కుకొందురు. మొదటిది ధననష్టము. రెండవది ప్రాణములమీదికి వచ్చు పని. ఈ రెంటికిని నడుమ నున్నది వివేకమార్గము: దీపము వెలిగినప్పుడు బెదరక, అది యెప్పుడు వెలిగినది, ఏ రంగున వెలిగినది, దానితోపాటు మరేమి కనబడినది అని విచారించుట.

ముందుగా డీజిలు యంత్రమునకును చలికిని గల వైరమును తెలిసికొందము. పెట్రోలు యంత్రమున నిప్పురవ్వ పుట్టించి మంట రగిల్తురు. డీజిలు యంత్రమున అట్టి నిప్పురవ్వ లేదు. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట పిల్లలకును తెలియును. అదే రీతిని సిలిండరులోని గాలిని మిక్కిలి గట్టిగా అదిమినచో అది కాగిపోవును. కాగిన ఆ గాలిలోనికి నూనెను చిమ్మగనే దానంతట అదియే అంటుకొనును. జర్మను ఇంజనీరైన రుడాల్ఫ్ డీజిలు ఈ పద్ధతికి 1892లో హక్కుపత్రము కోరి, 1897లో ఆగ్స్‌బర్గు నగరమున చక్కగా పనిచేయు యంత్రమును సిద్ధపరచెను. నేటికిని మూలసూత్రమదియే.

ఇక చలి యేమి చేయును? ఒకటి: రాత్రియంతయు చల్లారిన ఇనుము, అదిమిన గాలిలోని వేడిని పీల్చివేయును; నూనె అంటుకొనదు. రెండు: బ్యాటరీ శక్తి తగ్గిపోవును, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో అది వెచ్చని దినమున ఇచ్చు శక్తిలో ఇంచుమించు సగమే ఇయ్యగలదు. అదే సమయమున ఇంజను ఆయిలు చిక్కబడుటచే యంత్రమును త్రిప్పుటకు ఎక్కువ బలము కావలసివచ్చును. ఆదాయము తగ్గి వ్యయము పెరిగిన సంసారము వంటిది దాని స్థితి. మూడు: డీజిలునందు మైనపు పాలు కలదు. చలికాలమున కొబ్బరినూనె సీసాలో పేరుకొనునట్లు అదియు పేరుకొని ఫిల్టరును మూసివేయును. కావున చలిలో వెలిగిన దీపమునకు మూలము వెదకునప్పుడు వేడి, బ్యాటరీ, నూనె అను ఈ మూడింటిని మొదట విచారించుట న్యాయము.

ఇప్పుడు దీపముల రంగులు. ఎరుపు దీపము వెంటనే ఆగుమని యాజ్ఞ. నూనెకూజా బొమ్మగల ఎర్రదీపము వెలిగినచో ఇంజను ఆయిలు ఒత్తిడి పడిపోయినదన్నమాట. భద్రమైన తావున బండి నిలిపి ఇంజను ఆపివేయవలయును. ఒక్క మైలు సాగించినను యంత్రము పాడు కావచ్చును. పసుపు దీపము త్వరలో చూపించుమని హెచ్చరిక. ఇంజను బొమ్మగల దీపము ఈ జాతిదే. అది నిలుకడగా వెలుగుచుండి, బండి మామూలుగా నడుచుచున్నచో, మెల్లగా ఇల్లు చేరవచ్చును. అది మినుకుమినుకుమనుచున్నను, బండి బలము తగ్గినను, వింతధ్వని వచ్చినను మెకానిక్కును పిలుచుట మేలు. కొన్ని కార్లలో నీలిరంగు దీపమొకటి కలదు; ఇంజను ఇంకను చల్లగనున్నదని దాని అర్థము. అది లోపముకాదు, సమాచారము మాత్రమే.

ఇంకొక సంగతి. తాళపుచెవి త్రిప్పగనే, లేక మీట నొక్కగనే, దీపములన్నియు ఒక్కమారు వెలిగి ఆరిపోవును. అది దీపములు పనిచేయుచున్నవో లేదో చూచుకొను పరీక్ష. ఆ క్షణమున ఇంజను దీపము అసలే వెలుగకున్నచో సంతోషింపరాదు. పాతబండి కొనునప్పుడు దీనిని తప్పక చూడవలయును. లోపమును దాచుటకై దీపమును పనిచేయకుండ చేసినవారు లేకపోలేదు.

డీజిలు కారునకు ప్రత్యేకమైన గుర్తు చుట్టలు చుట్టిన తీగవంటి పసుపు దీపము. ఇది హీటరు ప్లగ్గులకు సంబంధించినది. ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క ప్లగ్గు చొప్పున అమర్చియుందురు. స్టార్టు చేయుటకు ముందు దాని కొన కొలిమిలోని యినుమువలె ఎర్రగా కాగి, చిమ్మిన నూనె అంటుకొనుటకు తోడ్పడును. చలి వేకువను ఈ దీపము కొన్ని సెకండ్లు వెలిగి ఆరును. ఆరినపిమ్మటనే స్టార్టు చేయవలయును. మీట నొక్కు కార్లలో చాలమట్టుకు బండియే ఆ మాత్రము ఆగును. తాళపుచెవి త్రిప్పువారు తామే ఓర్పు వహింపవలయును. బండి నడుచుచుండగా ఈ తీగ దీపము మినుకుమనినచో పెక్కు కార్లలో అది లోపసూచన. అప్పుడు ప్లగ్గే చెడియుండవలయునను నియమము లేదు. బండిని బట్టి మరియొక లోపమునకును ఇదే దీపమును వాడుదురు. బండితో ఇచ్చిన పుస్తకమున దీని అర్థము వ్రాసియుండును.

వెచ్చని ఊళ్లలో నేటి డీజిలు కార్లు హీటరు ప్లగ్గుల సాయము లేకయే స్టార్టగును. ఒకటి రెండు ప్లగ్గులు మాడిపోయినను మనకు తెలియదు. కొండమీది చలిలో వాని పని పడును. అప్పుడు ఇంజను చాలసేపు తిరిగి తిరిగి, వణకుచు, సైలెన్సరు వెంట తెల్లని పొగ వెడలించుచు స్టార్టగును; చలి మరింత యెక్కువైనచో అసలే కాదు. ఈ తెల్లపొగ అంటుకొనక మిగిలిన నూనె ఆవిరి. నిమిషము రెండు నిమిషములలో వణకు తగ్గి పొగ నిలిచినచో సందేహము హీటరు ప్లగ్గులమీదికి పోవలయును. పొగ ఎంతకును నిలువక, కూలెంటు నీరును తగ్గుచున్నచో అది వేరు వ్యాధి, ఆలస్యము కూడదు.

అయితే ప్లగ్గులకంటె ముందు చూడవలసినది బ్యాటరీ. ఇది మా చదువరులు గుర్తుంచుకొనవలసిన మొదటి సూత్రము: చలి వేకువను ఒక దీపము కాక నాలుగైదు దీపములు, ఇంజను, బ్రేకు, స్టీరింగు అన్నియు కలిసి ఒక్కమారే వెలిగినచో, నాలుగైదు భాగములు ఒక్క రాత్రిలో చెడిపోయినవని నమ్మవలదు. ఇంటిలో అందరును ఒక్కమారే నీరసించినచో కుండలో బియ్యమున్నవో లేవో చూతుము గదా! కారులోని చిన్న కంప్యూటర్లన్నియు బ్యాటరీ మీదనే జీవించును. సెల్ఫు మోటారు తిరుగునప్పుడు బ్యాటరీ బలము పడిపోయినచో అవి తత్తరపడి తలకొక ఫిర్యాదు వ్రాసిపెట్టును.

బ్యాటరీని ఇంటనే పరీక్షింపవచ్చును. కొలుచు మీటరు విద్యుత్ సామానుల అంగడిలో స్వల్ప ధరకు దొరకును. రాత్రి నిలిపిన బండికి వేకువను చూచినప్పుడు 12.6 వోల్టులకు దగ్గరగా నున్నచో బ్యాటరీ నిండుగా నున్నట్లు, 12.2 అయినచో సగము ఖాళీ. స్టార్టు చేయునప్పుడు మరియొకరిచేత మీటరు చూపింపవలయును, 9.6కు దిగువ పడినచో బ్యాటరీ నీరసించినదని తలంపవచ్చును. ఇంజను తిరుగుచుండగా ఇంచుమించు 13.8 మొదలు 14.4 వరకు చూపుట మామూలు. మీటరు లేనివారు ముందు దీపములు వెలిగించి స్టార్టు చేసి చూడవచ్చును. దీపములు మిక్కిలి మందగించి, సెల్ఫు కటకటమని ఊరకున్నచో సంగతి తెలిసినట్లే. తీగలు బిగించిన కొనలయందు తెల్లని లేక పచ్చని పొడి పేరుకొన్నచో శుభ్రపరచి గట్టిగా బిగింపవలయును. ఆ పొడి చేతికి, కంటికి తగులనీయరాదు. బ్యాటరీ సాధారణముగా మూడు మొదలు ఐదేండ్లు పనిచేయును. నాలుగేండ్ల బ్యాటరీతో మంచు కొండలకు పయనమగుట తెలివిగల పనికాదు.

బ్యాటరీ సరిగా నున్నదని తేలిన పిమ్మట హీటరు ప్లగ్గుల వంతు. మెకానిక్కు ప్లగ్గులను ఊడదీయకయే మీటరుతో ఒక్కొక్కదానిని పరీక్షింపగలడు. మంచి ప్లగ్గు ఒకటి రెండు ఓముల లోపల చూపును. మాడిన ప్లగ్గు తెగిన తీగవలె ఏమియు చూపదు. నాలుగు ప్లగ్గులును ఒక్కమారే మాడుట అరుదు. నాలుగింటికిని విద్యుత్తు అందుటలేదన్నచో ఫ్యూజు, రిలే, ప్లగ్గులను నడుపు పెట్టె, తీగలు — వీనిని ముందు చూపింపవలయును. రెండు జాగ్రత్తలు మిక్కిలి ముఖ్యము. ఏండ్ల తరబడి కదలని ప్లగ్గును చల్లని ఇంజనులోనుండి బలవంతముగా త్రిప్పినచో అది విరిగి లోపలనే చిక్కుకొనును. దానిని తీయుటకగు ఖర్చు ప్లగ్గు వెలకు ఎన్నియో రెట్లు. ఇంజను వెచ్చగానున్నప్పుడు మెల్లగా విప్పుట మంచి పనివాని లక్షణము. ఇక నేటి కార్లలో కొన్ని ప్లగ్గులు 12 వోల్టులకంటె తక్కువతో పనిచేయునవి; వానిని బ్యాటరీకి నేరుగా తగిలించి ఎర్రబడునో లేదో చూచుట వానిని కాల్చివేయుటయే.

మూడవది నూనె. బండి చక్కగా స్టార్టయి, కొంతదూరము పోయి, బలము తగ్గి, ఇంజను దీపము వెలిగి, ఆగిపోవుట — ఇది మైనము పేరుకొని ఫిల్టరు మూసికొన్న గుర్తు. మైదానమున నింపిన డీజిలు మంచుప్రదేశపు చలికి తగినది కాదు. లడఖ్‌వంటి తావులకై ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో సున్నకు దిగువ 33 డిగ్రీలవరకు పారెడి శీతకాలపు డీజిలును ప్రవేశపెట్టెను. జర్మనీలో నవంబరు నడిమినుండి ఫిబ్రవరి చివరివరకు బంకులయందు చలికి తట్టుకొను డీజిలునే అమ్ముదురు. అచ్చటి సోదరీమణులకు చిక్కు వచ్చునది సాధారణముగా, అక్టోబరులో నింపిన నూనెతో బండిని చాలనాళ్లు కదపక నిలిపినప్పుడు. కొండలకు పోవువారు టాంకు ఖాళీగా నుండునట్లు చూచుకొని, పైన దొరకు శీతకాలపు నూనెను నింపుకొనుట ఉత్తమము. ఫిల్టరునందు చేరిన నీరు కూడ గడ్డకట్టి దారి మూయును. కొన్ని కార్లలో దీనికి నీటిబొట్టుగల దీపము ప్రత్యేకముగా కలదు. శీతకాలమునకు ముందే ఫిల్టరు నీటిని తీయించుట, గడువు దాటిన ఫిల్టరును మార్పించుట చిన్న పనులు, ఫలము పెద్దది.

మసి వడకట్టు ఫిల్టరును గూర్చియు చెప్పవలయును. 2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట వెలువడిన డీజిలు కార్లలో ఈ ఫిల్టరు సాధారణమైనది. పొగలోని మసి దీనియందు చేరును. బండి కొంతసేపు నిలకడగా పోవునప్పుడు సుమారు 600 డిగ్రీల వేడితో ఆ మసిని బండియే కాల్చివేయును. చలిలో అంగడికి, బడికి మాత్రమే పోయివచ్చు బండికి ఆ వేడి చాలదు. మసి పేరుకొని దీపము వెలుగును. అప్పుడు పుస్తకమున చెప్పినట్లు పెద్దదారిలో ఇరువది ముప్పది నిమిషములు ఆపక నడిపినచో తరచుగా దీపము ఆరిపోవును. ఆరనిచో ఫిల్టరే చెడినదని తొందరపడవలదు. ఇంజను తగిన వేడికి చేరుచున్నదా యని ముందు చూడవలయును. కూలెంటు నీటిని అదుపుచేయు థర్మోస్టాటు తెరచుకొని చిక్కుకొన్నచో, ఎంత దూరము నడిపినను ఇంజను వేడెక్కదు. కారులోని హీటరు గోరువెచ్చని గాలినే ఇచ్చును. అట్టి ఇంజనునందు మసి కాలదు. కొన్ని కార్లలో హీటరు ప్లగ్గు లోపమున్నను మసి కాల్చు పని ఆగిపోవును. చూచితిరా! వెలిగినది మసి దీపము. మూలము చిన్న థర్మోస్టాటు. పెద్ద ఫిల్టరు మార్పించినవారి ధనమంతయు బూడిదలో పోసిన పన్నీరు.

పొగను శుభ్రపరచుటకై కొన్ని కార్లలో యూరియా ద్రావణము వాడుదురు. ఇది సున్నకు దిగువ 11 డిగ్రీల వద్ద గడ్డకట్టును. అట్లు గడ్డకట్టుట లోపముకాదు. దానిని కరగించుటకు టాంకులోనే వేడిచేయు ఏర్పాటు కలదు. అది పనిచేయనిచో దీపము వెలుగును. దీనియందు వేడినీరు గాని మరేదియు గాని కలుపరాదు.

ఇక స్కానరు మాట. స్టీరింగు క్రింద మోకాలికి సమీపమున 16 కాళ్లుగల సాకెట్టు ఒకటి యుండును. దానికి స్కానరు తగిలించినచో కంప్యూటరు వ్రాసిపెట్టిన లోపసంఖ్యలు కనబడును. పి 0380 అన్నచో హీటరు ప్లగ్గుల విద్యుత్ మార్గమున లోపము. పి 0671 మొదలు పి 0674 వరకు ఒకటవ సిలిండరు మొదలు నాలుగవ సిలిండరు వరకు ప్లగ్గుల మార్గములు. పి 0128 అన్నచో కూలెంటు తగిన వేడికి చేరుటలేదు. పి 0087 అన్నచో నూనె ఒత్తిడి తక్కువ. పి 2002 అన్నచో మసి ఫిల్టరు సరిగా పనిచేయుటలేదు. ఇవి రోగలక్షణములే కాని మందుచీటీలు కావు. జ్వరమున్నదని వేడికొలుచు గాజుకడ్డి చెప్పును. అది మలేరియాయో టైఫాయిడో చెప్పదు. పి 0087 కనబడగనే పంపు మార్పవలయునని కొందరు అందురు. చలి దినమున మైనముతో మూసికొన్న ఫిల్టరును ఆ సంఖ్యనే చూపింపగలదు. పంపు వెల యెక్కడ, ఫిల్టరు వెల యెక్కడ!

కంప్యూటరు లోపసంఖ్యతోపాటు, ఆ క్షణమున ఇంజను ఎంత వేడిగా నున్నది, ఎంత వేగమున పోవుచున్నది మొదలగు వివరములు కూడ భద్రపరచును. అవి పరీక్ష చేయువానికి మిక్కిలి విలువైనవి. సంఖ్యను చెరిపివేసినచో అవియు పోవును. కావున వ్రాసికొనకుండ, ఫోటో తీసికొనకుండ ఎవ్వరినిని చెరుపనీయరాదు. దీపము ఆర్పినంతమాత్రమున లోపము పోదు; ఏడ్చు బిడ్డ నోరు మూసినచో ఆకలి తీరునా?

చేయరాని పనులు కొన్ని గలవు. నూనె కరగుటకై టాంకు క్రింద మంట పెట్టుట పూర్వపు లారీలవారి అలవాటు, ప్రాణాపాయకరము. డీజిలునందు పెట్రోలు గాని కిరసనాయిలు గాని కలుపరాదు. నేటి సున్నితమైన పంపులు పాడగును. స్టార్టు చేయుటకై ఈథరు చిమ్ము డబ్బాలు అమ్ముదురు. హీటరు ప్లగ్గులుగల ఇంజనులో దానిని చిమ్మినచో అది ప్రేలిపోవచ్చును. సెల్ఫును ఎడతెగక త్రిప్పరాదు. పది సెకండ్లు త్రిప్పి, నిమిషము ఆగి, మరల యత్నింపవలయును. మూడు నాలుగు మారులకు కానిచో ఆపి కారణము వెదకుట మేలు.

అన్నింటికంటె ముఖ్యమైనది చెప్పెదము. మూసిన షెడ్డులో ఇంజను వేడెక్కుటకై తిరుగనీయరాదు. మంచు కురియుచుండగా దారిలో ఆగిపోయినప్పుడు ఇంజను నడుచుచుండగా నిదురింపరాదు. సైలెన్సరు నోరు మంచుతో మూసుకొనినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు లోనికి వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. 2022 జనవరిలో పాకిస్తానులోని మర్రీ కొండలయందు మంచులో కార్లు చిక్కుకొని, చలిచేతను ఈ వాయువుచేతను 20 మందికి పైగా మరణించిరి. మృతులలో పసిబిడ్డలును కలరు. ఈ వాయువునకు హెచ్చరిక దీపమేదియు ముందుపలకమీద వెలుగదు. సైలెన్సరు చుట్టు మంచును తరచుగా తీయుట, అద్దమును కొంచెము దించియుంచుట, ఇంజనును అప్పుడప్పుడు కొద్దిసేపు మాత్రమే నడుపుట, కంబళ్లు, నీరు, తినుబండారములు వెంట నుంచుకొనుట — ఇవి మరువరానివి.

తుదకు మేము సూచించునది ఒక చిన్న పుస్తకము. పాలలెక్క, చాకలిలెక్క వ్రాసినట్లే కారులోను ఒక పుస్తకముంచి, దీపము వెలిగిన దినము, వేళ, చలి యెంతో, స్టార్టునకు ముందో పిదపనో, పొగ రంగు, నూనె ఎక్కడ నింపినది, బ్యాటరీ యెన్నడు మార్చినది వ్రాయవలయును. "ఏదో దీపము వెలుగుచున్నది బాబూ, చూడుము" అని బండి అప్పగించుటకును, "మూడు దినములుగా వేకువను మాత్రమే తెల్లపొగతో ఆలస్యముగా స్టార్టగుచున్నది, మధ్యాహ్నమున ఏ చిక్కును లేదు, బ్యాటరీ 12.5 చూపుచున్నది, హీటరు ప్లగ్గులు మీటరుతో చూచి, ఏది మాడినదో నాకు చూపి, పిమ్మట మార్పుము" అని చెప్పుటకును ఎంతయో భేదమున్నది. రెండవ మాట విన్న పనివాడు మీ వెనుక నున్న మగవారివైపు చూడడు. నేరుగా మీతోనే మాటలాడును. తీసిన పాత సామాను మీ చేతికిమ్మని కోరుట మీ హక్కు.

కొండలకు పోదలచినవారు పయనమునకు పది దినములు ముందుగా బ్యాటరీ, హీటరు ప్లగ్గులు, నూనె ఫిల్టరు, కూలెంటు, ఇంజను ఆయిలు ఈ యైదింటిని పరీక్ష చేయింపవలయును. కూలెంటునకు బదులు వట్టి నీరు పోసియున్నచో అది గడ్డకట్టి ఇంజనును పగులగొట్టును. ఇంజను ఆయిలు డబ్బామీద 5 డబ్ల్యు 30 వంటి అంకెలలో మొదటిది చలిలోని పలుచదనమును తెలుపును. అది ఎంత తక్కువైన చలికి అంత మంచిది. అయినను మీ బండి పుస్తకమున చెప్పిన జాతినే వాడవలయును. వంటయింటిలో ఏ డబ్బాలో ఏమున్నదో చీకటిలోనైన చెప్పగల మన సోదరీమణులకు ఈ పది దీపములను గుర్తించుట గొప్ప కార్యము కాదు. చలి ముదురకముందే ఒక ఆదివారము తీరిక చేసికొని, బండి పుస్తకమును తెరచి, ముందుపలక యెదుట కూర్చుండి, ఒక్కొక్క గుర్తును పోల్చి చూచుకొనుడు. ఇంటిలో కారు నడుపు ప్రాయము వచ్చిన ఆడపిల్లలున్నచో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపుడు.